రీఫ్ ట్యాంక్‌కి ఏ పంపు కొనాలి? డబ్బా మీది అంకె చూసి మాత్రం కాదు

పంపు డబ్బా మీద అన్నిటికంటే పెద్దగా అచ్చు వేసేది గంటకు ఎన్ని గ్యాలన్లు తోస్తుందన్న అంకె. కొత్తగా రీఫ్ ట్యాంక్, అంటే ఉప్పునీళ్లలో పగడాలు పెంచే అక్వేరియం, పెట్టేవాళ్లు చాలామంది దాన్ని చూసే కొంటారు. ఆ అంకె అబద్ధం కాదు గానీ దానితో తేలేది తక్కువ. అదే 2000 గ్యాలన్ల పంపు ఒక ఇంట్లో పగడాలను పచ్చగా పెంచుతుంది, ఇంకో ఇంట్లో టార్చ్ కోరల్ అనే పగడం కండను దాని గట్టి గూడు నుంచి ఊడగొడుతుంది. నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయి, దేనికి తగులుతున్నాయి, తగిలాక ఎలా చెదురుతున్నాయి అన్నదే అసలు సంగతి. గ్యాలన్ల లెక్క చివర చూసుకోవచ్చు.

ఉదాహరణకు ఒక ట్యాంక్ అనుకుందాం. అమెరికాలో ఏ పెద్ద అక్వేరియం షాపులో అయినా దొరికే 75 గ్యాలన్లది: 48 అంగుళాల పొడవు, 18 వెడల్పు, 21 ఎత్తు. మన లెక్కలో దాదాపు 284 లీటర్లు. కింద స్టాండులో సంప్, అంటే పై ట్యాంక్ నీళ్లు దిగి శుభ్రమయ్యే చిన్న ట్యాంక్. పగడాల్లో అడుగున మష్రూమ్‌లు, జోవాంతిడ్‌లు, నడుమ హామర్, టార్చ్, పైన రాళ్ల కొసల మీద రెండు మూడు ఆక్రోపోరా కొమ్మలు. డాలస్ వైపు మనవాళ్ల ఇళ్లలో నేను చూసినవి చాలావరకు ఇలాంటివే. ఆఫీసు అయ్యాక కూర్చుని చూసుకోవడానికి పెట్టుకున్నవి, పోటీలకు కాదు.

ఇండియాలో ఉండి చదివేవాళ్లకు ముందే ఒక మాట చెప్పాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో రీఫ్ కట్టే గట్టి పగడాలన్నీ ఉన్నాయి. సముద్రం నుంచి తీయడం, అమ్మడం నేరం. షాపులో దొరుకుతున్నాయి కదా అంటే అది జవాబు కాదు. హైదరాబాద్‌లోనో విశాఖలోనో సముద్రపు ట్యాంక్ పెట్టుకోవాలంటే చేపలు, కృత్రిమ రాళ్లతో పెట్టుకోవడం మంచిది. చేపలకు మాత్రమే అయితే ఇక్కడ చెప్పే ప్రవాహంలో మూడో వంతు చాలు. పంపు ఎంచుకునే పద్ధతి మాత్రం మారదు.

అసలు ఇంత ప్రవాహం ఎందుకు?

పగడం కదలలేదు. తిండి దాని దగ్గరికి రావాలి, మలినం దూరంగా పోవాలి. దాని ఒంటిని అంటిపెట్టుకుని దాదాపు కదలని నీటి పొర ఒకటి ఉంటుంది, మిల్లీమీటరులో చిన్న భాగం మందాన. ఆక్సిజన్ అయినా, కార్బన్ అయినా, కాల్షియం అయినా ఆ పొరను దాటే లోపలికి వెళ్లాలి, వ్యర్థాలు దాన్ని దాటే బయటికి రావాలి. ప్రవాహం బలంగా ఉంటే పొర పలచబడుతుంది, రాకపోకలు సులువవుతాయి. పగలు లైటు కింద పగడం లోపలి ఆల్గే (కంటికి కనిపించనంత సన్న నాచు) తయారుచేసే ఆక్సిజన్ కూడా ఈ దారినే బయటికి పోవాలి. పోకుండా పేరుకుంటే పగడానికే హాని. అందుకే లైటు మార్చి బలమైనది పెట్టి, పంపులు పాతవే ఉంచితే కొన్నిసార్లు పగడాలు బాగుపడక పోగా పాలిపోతాయి. తప్పంతా లైటు మీదకు తోసేస్తారు.

పైకి పంపేది ఒకటి, లోపల తిప్పేది ఇంకొకటి

సంప్ నుంచి నీళ్లు పైకి పంపే రిటర్న్ పంపు పని వేరు, ట్యాంక్ లోపల నీటిని తిప్పే పంపు పని వేరు. ఒక పెద్ద రిటర్న్ పంపు పెట్టి రెండు పనులూ కానిచ్చేద్దాం అనుకునేవాళ్లు ఇంకా కనిపిస్తారు. వద్దు. నాలుగైదు అడుగులు నీళ్లు ఎత్తడానికి 45 వాట్లు ఖర్చు చేస్తే మీకు పైన అందేది మహా అయితే గంటకు నాలుగైదు వందల గ్యాలన్లు. అవే వాట్లతో ట్యాంక్ లోపలి ప్రొపెల్లర్ పంపు దాదాపు పదింతలు నీళ్లు కదిలిస్తుంది. పైగా రిటర్న్ మరీ ఎక్కువైతే పైనుంచి సంప్‌లోకి నీళ్లు దించే ఓవర్‌ఫ్లో గొట్టం రాత్రంతా గురగురమంటుంది, సంప్‌లో పుట్టిన సన్న బుడగలు పైకెక్కి ట్యాంకంతా మంచు పట్టినట్టు కనిపిస్తుంది.

రిటర్న్‌కి గంటకు ట్యాంక్ పరిమాణానికి నాలుగైదు రెట్లు చాలు. మన 75 గ్యాలన్లకు 300 నుంచి 400. నురగతో మలినాన్ని తీసేసే స్కిమ్మర్‌కి, హీటర్‌కి సరిపడా నీళ్లు అందితే దాని పని అయిపోయినట్టే.

ఇక్కడే హెడ్ లెక్క, అంటే నీళ్లు ఎక్కాల్సిన ఎత్తు లెక్క వస్తుంది. ఇంటి ముందు సంపులోంచి మూడో అంతస్తు మీది ట్యాంకుకు నీళ్లెక్కించే మోటారు కొనేటప్పుడు మన ఇళ్లల్లో ఎవరూ లీటర్లు మాత్రమే అడగరు, ఎంత ఎత్తుకు అని అడుగుతారు. ఇదీ అంతే. డబ్బా మీది గ్యాలన్లు సున్నా ఎత్తులో కొలిచినవి. పంపుకు గరిష్ఠ ఎత్తు అని ఇంకో అంకె ఉంటుంది, ఆ ఎత్తులో ఒక్క చుక్క కూడా రాదు. ఈ రెండిటి మధ్య గీత ఒకటి కంపెనీ కాగితంలో ఉంటుంది. మన ట్యాంకుకు సంప్ నీటిమట్టం నుంచి పై అంచు దాకా సుమారు నాలుగడుగులు. ఎల్బోలు, గొట్టం రాపిడి కలిపి ఐదు అనుకోండి. 700 గ్యాలన్లు, పదడుగుల గరిష్ఠ ఎత్తు ఉన్న పంపు ఐదడుగుల దగ్గర దాదాపు సగమే ఇస్తుంది, అంటే 350 చిల్లర. సరిగ్గా మనకు కావలసినంత. అదే చూడకుండా 400 గ్యాలన్ల పంపు తెచ్చి పెడితే స్కిమ్మర్ గదికి ధారగా కూడా చాలదు.

గొట్టం విషయంలో పిసినారితనం వద్దు. పంపు మూతి ముప్పావు అంగుళమైతే గొట్టం అంగుళంది వేయండి. 90 డిగ్రీల ఎల్బో ఒకటి తగ్గించి, మెత్తటి గొట్టాన్ని వంపు తిప్పితే ఖర్చు లేకుండా ప్రవాహం పెరుగుతుంది. ప్రవాహం తగ్గించాలంటే బయటికి వచ్చే వైపు వాల్వు పెట్టి బిగించండి. లోపలికి పీల్చే వైపు ఎప్పుడూ బిగించకూడదు.

ఏసీనా, డీసీనా?

రిటర్న్ పంపు కొనేటప్పుడు అందరూ తగువులాడేది దీని మీదే. ఏసీ పంపు నేరుగా గోడ కరెంటుతో నడుస్తుంది, ఒకటే వేగం. లోపల తిరిగేది అయస్కాంతం అతికిన ఇంపెల్లర్ (నీళ్లు తోసే చక్రం) ఒక్కటే, పాడవడానికి పెద్దగా ఏమీ ఉండదు. ఇటలీ వాళ్ల సిచే సింక్రా లాంటివి ఈ జాతి. ఏళ్ల తరబడి నడుస్తూనే ఉంటాయి, ఇంపెల్లర్ అరిగితే అదొక్కటే కొని వేసుకోవచ్చు. డీసీ పంపుకు ఒక అడాప్టరు, ఒక కంట్రోలరు ఉంటాయి. వేగం పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. మేత వేసేటప్పుడు పది నిమిషాలు ఆగే బటన్ ఉంటుంది. మెల్లగా మొదలవుతుంది, చప్పుడు తక్కువ. వేగం కాస్త తగ్గిస్తే కరెంటు బాగా తగ్గుతుంది. ఏసీ పంపును వాల్వుతో బిగిస్తే బిల్లులో అంత తేడా రాదు.

మరి డీసీయే మేలు కదా అంటే, పాడయ్యే చోట్లు కూడా మూడింతలు. చాలాసార్లు పోయేది మోటారు కాదు, అడాప్టరో కంట్రోలరో. సంప్ అల్మరాలో ఉప్పు ఆవిరి ఎప్పుడూ ఉంటుంది, ఆ తడికి పిన్నులు పచ్చబారిపోతాయి. కంట్రోలర్‌ను అల్మరా బయట, ట్యాంక్ నీటిమట్టం కంటే పైన పెట్టగలిగితేనే డీసీ కొనండి. పడకగదిలో ట్యాంక్ ఉన్నవాళ్లకు మాత్రం డీసీ నిశ్శబ్దం ఆ పై ఖర్చుకు తగినదే. హాల్లో మూలన ఉండే మన 75 గ్యాలన్ల ట్యాంకుకు నా ఓటు మంచి ఏసీ పంపుకే. మిగిలిన డబ్బు లోపలి పంపుల మీద పెట్టండి, పగడాలకు తెలిసేది అక్కడే.

నీళ్ల బయట ఉండే ఎక్స్‌టర్నల్ పంపులు ఈ సైజుకు అనవసరం. వాటికి సంప్‌కు రంధ్రం కొట్టాలి, చప్పుడు, లీకుల టెన్షన్. 200 గ్యాలన్లు దాటాక ఆలోచించవచ్చు. నీళ్లలో మునిగి ఉండే పంపు తన వేడిని నీళ్లలోకే వదులుతుంది కాబట్టి టెక్సస్ ఎండాకాలంలో ప్రతి వాటూ లెక్కలోకి వస్తుందని మాత్రం గుర్తుంచుకోండి.

ఏ రిటర్న్ కొన్నా సరే, బిగించిన రోజే ఒక పరీక్ష చేయాలి. పంపు ప్లగ్గు పీకి సంప్ ముందు కూర్చోండి. పైన రిటర్న్ మూతి నీళ్లలో ఎంత లోతున ఉందో అంత నీళ్లూ సైఫన్ పట్టి వెనక్కి వచ్చేస్తాయి. మన ట్యాంకులో ఒక్క అంగుళం నీళ్లంటే మూడు ముప్పావు గ్యాలన్లు. మూతి రెండంగుళాలు మునిగి ఉంటే ఏడున్నర గ్యాలన్లు కిందికి దిగుతాయి, ఓవర్‌ఫ్లో పెట్టెలోవి అదనం. సంప్ నీటిమట్టం అంచు వైపు ఎక్కుతూ ఉంటుంది. ఆగిన చోట మార్కర్‌తో గీత గీయండి, ఆ గీతకూ అంచుకూ మధ్య రెండంగుళాలైనా ఉండాలి. లేకపోతే మూతిని పైకి జరపండి, లేదా సంప్‌లో నీళ్లు తగ్గించండి. నీళ్లు వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వు ఉంది కదా అని నిశ్చింతగా ఉండకండి. ఒక నత్త పిల్ల చాలు, దాని రెక్క మూసుకోకుండా ఆపడానికి.

లోపలి పంపులు: నాలుగు దారులు

అసలు ఎంపిక ఇక్కడ. మష్రూమ్‌ల లాంటి గట్టి గూడు లేని సాఫ్ట్ కోరల్స్ మాత్రమే ఉంటే గంటకు ట్యాంక్ పరిమాణానికి 10 నుంచి 20 రెట్లు, హామర్, టార్చ్ లాంటి ఎల్‌పీఎస్ (పెద్ద కండ ఉన్న గట్టి) పగడాలకు 20 నుంచి 30, ఆక్రోపోరా లాంటి ఎస్‌పీఎస్ (సన్న కండ ఉన్న గట్టి) పగడాలకు 40, ఆపైన అని హాబీలో వాడుక లెక్క. మన కలగలుపు ట్యాంకుకు 30 రెట్లు, అంటే 2250 గ్యాలన్లు అనుకుందాం. దీన్ని ఒకే పంపుతో తెచ్చుకోవచ్చు, రెండిటితోనూ తెచ్చుకోవచ్చు. రెండిటితోనే తెచ్చుకోండి. ఒకే పంపు నుంచి ఒకే దిక్కుగా నదిలాంటి ధార వస్తుంది. దాని దారిలో ఉన్న పగడం నలుగుతుంది, రాయి వెనకున్నది మురికిలో ఉంటుంది. ఎదురెదురు చివరల నుంచి రెండు పంపులు వంతులవారీగా నడిస్తే నీళ్లు ఢీకొని సుడులు తిరుగుతాయి, దిక్కు మారుతుంది. ఒకటి పాడైనా రెండోది పగడాలను బతికిస్తుంది, అదొక్క కారణం చాలు నాకు.

మొదటి దారి, ట్యాంక్ లోపలే మోటారు ఉండి అయస్కాంతంతో అద్దానికి అతుక్కునే ప్రొపెల్లర్ పంపులు. జర్మనీ వాళ్ల ట్యూంజే ఇందులో పెద్దన్న. నానోస్ట్రీమ్ 6055 గంటకు 5500 లీటర్ల దాకా తోస్తుంది, అంటే సుమారు 1450 గ్యాలన్లు. రెండు పెడితే 2900, వాటిని మూడు వంతుల వేగంలో నడిపితే మన లెక్క సరిపోతుంది. చూడ్డానికి పెద్ద సోకుగా ఉండదు, కంట్రోలర్ పాతకాలపు డబ్బాలా ఉంటుంది, కానీ ఏళ్ల నాటి మోడళ్లకు కూడా విడిభాగాలు దొరుకుతాయి. ఏఐ (ఆక్వా ఇల్యూమినేషన్) కంపెనీ నీరో ఇదే తరహా. నీరో 3 గంటకు 2000 గ్యాలన్లు, నీరో 5 అయితే 3000. ధార వెడల్పుగా, మెత్తగా విచ్చుకుంటుంది, వేగం ఫోన్లోనే మార్చుకోవచ్చు. హామర్, టార్చ్ ఎక్కువున్న ట్యాంకుకు ఆ వెడల్పు ధార బాగా నప్పుతుంది.

రెండోది, మోటారు అద్దం బయట, ప్రొపెల్లర్ లోపల, మధ్యలో అయస్కాంతం తప్ప ఏమీ లేని ఎకోటెక్ వోర్‌టెక్. ట్యాంక్‌లోకి వైరు రాదు. వేడి బయటే ఉంటుంది. శుభ్రం చేయాలంటే లోపలి ముక్క ఊడదీసి తీసుకెళ్లిపోవచ్చు. ఎంపీ 10 గంటకు 1500 గ్యాలన్లు, ఎంపీ 40 అయితే 4500. కొనేముందు అద్దం మందం కొలవాలి, ఎంపీ 10 మూడెనిమిదో వంతు అంగుళం దాకా, ఎంపీ 40 ముప్పావు అంగుళం దాకా పట్టుకుంటుంది. ఎంపీ 40 ఒకటే ఈ ట్యాంకుకు చాలదా అని అడుగుతారు. గ్యాలన్ల లెక్కన చాలు. కానీ పైన చెప్పిన నది సమస్య అక్కడే ఉంటుంది. ఆక్రోపోరాలే లోకంగా ఉండేవాళ్లు రెండు ఎంపీ 40లు పెట్టి సగం వేగంలో నడుపుకుంటే దానికి సాటి లేదు. మిగతావాళ్లకు ఆ ధర దండగే. ఇంకో మాట, బయటి మోటారు గాలిలో ఉంటుంది కాబట్టి దాని రొద నేరుగా గదిలోకే వస్తుంది. పాత మోడళ్లు చాలా మొత్తుకునేవి, క్యూడీ అని వచ్చినవి చాలా నయం.

మూడోది జైర్. మాక్స్‌స్పెక్ట్ వాళ్లు తెచ్చిన ఈ రకంలో ప్రొపెల్లర్ ఉండదు, అడ్డంగా తిరిగే పొడుగాటి రోటర్లు ఉంటాయి. ధార గుండ్రంగా కాకుండా వెడల్పాటి పరదాలా వస్తుంది. పక్క అద్దానికి పైభాగంలో అడ్డంగా బిగిస్తే ఆ పరదా నీటి పైపొర వెంట అవతలి గోడ దాకా వెళ్లి, కిందికి తిరిగి, అడుగు నుంచి వెనక్కి వస్తుంది. ట్యాంకులోని నీరంతా కలిసి ఒక చుట్టు చుడుతుంది. పొడుగాటి ట్యాంక్, రాళ్లు తక్కువ, మధ్యలో ఖాళీ ఎక్కువ అయితే ఇంత తక్కువ కరెంటుతో ఇంత కదలిక ఇంకేదీ ఇవ్వదు. రాళ్లు గోడలా పేర్చిన ట్యాంకులో ఆ చుట్టు మధ్యలోనే తెగిపోతుంది. సన్న ఇసుక వేసుకున్నవాళ్లు కూడా ఆలోచించుకోవాలి, వెనక్కి వచ్చే ధార అడుగు అద్దం కనిపించేలా ఇసుకను ఊడ్చేస్తుంది. జైర్‌కు చిన్న చిన్న భాగాలు ఎక్కువ. రోటర్ చివర బుష్షులు అరిగితే టకటక మొదలవుతుంది, జల్లెడకు ఆల్గే పట్టిందంటే ప్రవాహం ఠక్కున పడిపోతుంది. నెలనెలా కడిగే ఓపిక ఉంటేనే దీని జోలికి వెళ్లండి.

నాలుగోది చవక దారి. చైనా జెబావో లాంటి వేవ్‌మేకర్లు. ఒక ఎంపీ 40 ధరకు నాలుగైదు వస్తాయి. కంట్రోలర్ ఉంటుంది, అలల మోడ్‌లు ఉంటాయి, పగడానికి ఈ నీళ్లు ఏ కంపెనీవో తెలియదు. నిజం చెప్పాలంటే మొదటి ట్యాంక్ పెట్టేవాళ్లకు ఇవి తీసుకోమనే చెప్తాను, ఒక షరతు మీద: మూడు కొనండి, రెండు వాడండి, మూడోది డబ్బాలో ఉంచండి. విడిభాగాల కోసం వెతుక్కునే కంటే అది సులువు. హైడర్ కొరాలియా లాంటి ఒకే వేగం ఏసీ పవర్‌హెడ్‌లు (ట్యాంక్ లోపల పెట్టే చిన్న పంపులు) కూడా ఈ వరసలోవే. ప్రధాన పంపులుగా వాటి కాలం అయిపోయింది గానీ, రాళ్ల వెనక మురికి పేరుకునే మూలకు చిన్నది ఒకటి పెట్టి వదిలేస్తే బ్రహ్మాండంగా పనిచేస్తుంది.

ఒక్క విషయం, కంపెనీకీ కంపెనీకీ మధ్య గ్యాలన్ల అంకెలు పోల్చకండి. కొలిచే పద్ధతులు ఒకటి కావు. ఒకే కంపెనీ చిన్న మోడల్‌కూ పెద్ద మోడల్‌కూ మధ్య పోల్చుకోవడానికే ఆ అంకెలు పనికొస్తాయి.

కొన్నాక ఎక్కడ పెట్టాలి?

చెరో చివర, నీటి పైపొరకు నాలుగైదు అంగుళాల కింద, ఒకదానికొకటి సూటిగా కాకుండా పెట్టండి. ఒకటి ముందు అద్దానికి ఏటవాలుగా, రెండోది వెనక మూలకు. ధార ముందు అద్దానికో నీటి పైభాగానికో తగిలి చెదిరాకే పగడాన్ని చేరాలి. నీటి పైభాగం ఎప్పుడూ ముడతలు పడుతూ ఉండాలి, ఆక్సిజన్ లోపలికి రావడం అక్కడి నుంచే. లైటు మిలమిలలు ఇసుక మీద ఆడుతుంటే సరిగ్గా ఉన్నట్టు.

తర్వాత గడ్డకట్టిన మైసిస్ (చేపలకు మేతగా వేసే చిన్న రొయ్యలు) ముక్క ఒకటి కరిగించి, రిటర్న్ ఆపేసి, లోపలి పంపులు నడుస్తుండగా ఒక మూల చిటికెడు వదలండి. చేపల్ని పట్టించుకోకుండా ఒకే ఒక్క రేణువును కళ్లతో వెంబడించండి. అది అద్దానికి కొట్టుకుని, రాయి చుట్టూ తిరిగి, పైకి లేచి, మళ్లీ దిగుతూ పోతే బాగున్నట్టు. ఏదో ఒక చోట రాలి కదలకుండా కూర్చుందంటే అక్కడ ప్రవాహం లేదు, రేపటి మురికికుప్ప అదే. అన్ని రేణువులూ ఒకే దారిలో గుండ్రంగా తిరుగుతుంటే పంపుల కోణం మార్చాలి.

మిగతాది పగడాలే చెప్తాయి. టార్చ్ వేళ్లు అటూ ఇటూ ఊగుతూ దిక్కు మారుస్తుంటే హాయిగా ఉన్నట్టు. అన్నీ ఒకే వైపు వాలిపోయి, గూడు అంచు తెల్లగా బయటపడుతుంటే దాన్ని వెంటనే జరపండి, లేదా పంపు తగ్గించండి. మష్రూమ్ రాయిని వదిలి తేలిపోతే దానికి ఆ చోటు నచ్చలేదు. ఆక్రోపోరా కొమ్మల సందుల్లో దూది పింజల్లా మురికి ఆగితే దానికి ఇంకా కావాలి. బబుల్ టిప్ ఎనిమోన్ (పగడాల చుట్టం, చోటు మార్చుకోగల మెత్తటి జీవి) పెంచుకుంటున్నవాళ్లు ప్రతి పంపుకూ జాలీయో స్పాంజి తొడుగో వేయాల్సిందే. అది రాత్రిపూట నడిచి వెళ్లి పంపులో పడిందంటే పొద్దున్నకు ట్యాంకంతా పాడవుతుంది.

అలల మోడ్‌ల గురించి పెద్దగా చెప్పడానికి లేదు. రాండమ్ అని ఉన్నది పెట్టి మర్చిపోండి. నీళ్లు ఊయలలా ఊగే మోడ్ చూడ్డానికి బాగుంటుంది గానీ, ట్యాంక్ కీళ్ల మీదా స్టాండు మీదా అనవసరపు భారం. రాత్రికి వేగం కాస్త తగ్గించుకోవచ్చు, పూర్తిగా ఆపకూడదు. లైటు లేనప్పుడు ఆక్సిజన్ తయారయ్యేది లేదు, ఖర్చే.

కరెంటు పోతే

పంపు ఎంపికలో దీన్ని ఆఖర్న పెడతారు, నిజానికి ముందుండాలి. 2021 ఫిబ్రవరి మంచు తుపానుకు టెక్సస్‌లో లక్షల ఇళ్లకు కరెంటు పోయింది, చాలాచోట్ల రోజుల తరబడి. వేడి లేక పోయిన ట్యాంకులు కొన్ని, నీళ్లు కదలక పోయినవి ఇంకొన్ని. నీళ్లు పూర్తిగా ఆగిపోతే చేపలు నిండుగా ఉన్న ట్యాంకులో కొన్ని గంటల్లోనే ఊపిరి సమస్య మొదలవుతుంది. లోపలి పంపు ఒక్కటి మెల్లగా తిరుగుతూ నీటి పైభాగాన్ని కదిలిస్తే చాలు, చాలా సమయం చేతికొస్తుంది.

ఇక్కడ డీసీ పంపులదే పైచేయి. వోర్‌టెక్‌కు కంపెనీ బ్యాటరీ బ్యాకప్ ఉంది, కరెంటు పోగానే దానంతట అదే తక్కువ వేగానికి మారుతుంది. ట్యూంజే డీసీ పంపుల్ని సేఫ్టీ కనెక్టర్ ద్వారా 12 వోల్టుల బ్యాటరీకి తగిలించవచ్చు. ఏమీ లేకపోతే చేపలు పట్టేవాళ్లు వాడే బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి కొని, సెల్స్‌తో సహా స్టాండులో పడేయండి. రిటర్న్ పంపును బ్యాటరీ మీద నడిపే ప్రయత్నం చేయకండి, బ్యాటరీని అదే తాగేస్తుంది.

ఏసీ పంపులకు కరెంటు విషయంలోనే ఇంకో బలహీనత ఉంది. నెలలుగా ఆగకుండా తిరిగిన పంపు లోపల కాల్షియం పేరుకుని ఉంటుంది. తిరుగుతున్నంతసేపూ తెలియదు. కరెంటు పోయి వచ్చాక ఇంపెల్లర్ కదలదు, గుయ్‌మంటూ వేడెక్కుతుంది. అందుకే మూడు నెలలకోసారి అన్ని పంపుల్నీ తీసి వెనిగర్, నీళ్లు సగం సగం కలిపి అందులో గంటసేపు నడపాలి. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లైనా సరే. ముంచగానే ఇంపెల్లర్ చుట్టూ సోడాలా బుసబుస నురగ వస్తుంది, గులాబీ రంగు పొర ముక్కలుగా ఊడి కింద పడుతుంది. నురగ ఆగాక పాత టూత్‌బ్రష్‌తో తోమి మంచినీళ్లలో కడగండి. ఇరుసు సెరామిక్‌ది అయితే జాగ్రత్త, నేల మీద పడిందా రెండు ముక్కలే.

తీసుకెళ్లేవాళ్లకు, పాతవి కొనేవాళ్లకు

అమెరికా నుంచి వెళ్లేటప్పుడు పంపు తెమ్మని హైదరాబాద్ నుంచి ఫోన్లు వస్తుంటాయి. డీసీ అయితే అడాప్టరు మీద 100 నుంచి 240 వోల్టులు అని ఉందో లేదో చూసి తీసుకెళ్లండి, ప్లగ్గు పిన్ను ఒక్కటే మార్చుకోవాలి. 120 వోల్టుల ఏసీ పంపు మాత్రం వద్దు. అక్కడి 230లో పెడితే నిమిషాల్లో మాడుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా తేడా పోదు, ఇక్కడి 60 హెర్ట్జ్ మోటారు అక్కడి 50లో ఆరో వంతు నెమ్మదిస్తుంది, నీళ్లెత్తే బలం అంతకంటే ఎక్కువ తగ్గుతుంది, పైగా వేడెక్కుతుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉందనుకోండి, అది స్క్వేర్ వేవ్ రకమైతే ఏసీ పంపు దాని మీద గొణుగుతూ వేడెక్కుతూ నడుస్తుంది. ప్యూర్ సైన్ వేవ్ రకం అయితే ఇబ్బంది లేదు.

హాబీ మానేసినవాళ్ల దగ్గర సెకండ్ హ్యాండ్ పంపులు సగం ధరకే దొరుకుతాయి. ఏసీ పంపు అయితే ధైర్యంగా కొనొచ్చు, ఇంపెల్లర్ బయటికి తీసి అయస్కాంతం చూడండి. ఉబ్బినా, పగులు కనిపించినా, తుప్పు మరక ఉన్నా పక్కన పెట్టేయండి, ఆ లోహం మీ నీళ్లలోకి దిగుతుంది. డీసీ అయితే అడాప్టరు, కంట్రోలర్ రెండూ ఉన్నాయా, పిన్నులు మెరుస్తున్నాయా చూసి, బకెట్లో నీళ్లు పోసి, మీ ఎదుటే తక్కువ వేగంలో ఐదు నిమిషాలు నడిపించమనండి. పూర్తి వేగంలో అన్నీ బాగానే తిరుగుతాయి, అరిగిన పంపు తక్కువ వేగంలోనే దొరికిపోతుంది.